హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళ ఒంటిమీద కొత్త మచ్చ కనిపిస్తే ఏం చేయాలి: అద్దం ముందు నుంచి ముక్క పరీక్ష, వైద్యం దాకా

"అక్కా, ఈ మచ్చ చూడు. ఇది అదేనా?"

వాట్సాప్‌లో నాకు వచ్చే ఫొటోల్లో సగం ఇవే. మసక వెలుతురులో, చెయ్యి వణుకుతుండగా తీసినవి. అది మోచెయ్యో మోకాలో కూడా తెలియదు. "అది" అంటే క్యాన్సరని ఇద్దరికీ తెలుసు, ఆ మాట మాత్రం ఎవరూ టైపు చెయ్యరు. తిరుపతిలో హెచ్‌ఐవీతో బతికేవాళ్ళకు తోడుగా తిరిగే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. డాక్టర్ని కాను. ఫొటో చూసి ఇది ఫలానా అని నేను చెప్పలేను. చేయి తిరిగిన చర్మ డాక్టరు కూడా ముక్క తీసి పరీక్షకు పంపకుండా తేల్చడానికి వెనకాడతారు. ఒక్కొక్కరికీ విడిగా చెబుతూ వచ్చినవన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నా.

ముందు కాస్త ఊపిరి పీల్చుకోండి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళ చర్మం మీద వచ్చేవాటిలో ఎక్కువ భాగం క్యాన్సర్లు కావు. దురద పొక్కులు, తామర, గజ్జి, సర్పి, పులిపిర్లు, మందు పడక వచ్చిన దద్దుర్లు, ఇవే ఎక్కువ. పుస్తకాల్లో ఎయిడ్స్ పక్కనే కనిపించే కపోసీ సార్కోమా అనే క్యాన్సర్ మన దేశంలో అరుదు. అయితే అరుదు అన్నారని చూసుకోవడం మానేస్తే, వచ్చిన ఆ ఒక్కరికి ఆలస్యమవుతుంది.

ఎందుకొస్తాయి, నాలుగు ముక్కల్లో

హెచ్‌ఐవీ తానుగా చర్మంలో క్యాన్సర్ పుట్టించదు. ఒంట్లో కాపలా, అంటే రోగనిరోధక శక్తి, బలహీనపడితే వేరే వైరస్‌లు, ఎండ చేసే చెరుపు అదుపు తప్పుతాయి. కపోసీ సార్కోమాకు మూలం హెచ్‌హెచ్‌వీ-8 అనే హెర్పిస్ జాతి వైరస్, 1994లో కనుక్కున్నారు. మర్మాంగాల దగ్గర, మలద్వారం దగ్గర వచ్చే క్యాన్సర్లలో చాలావాటి వెనక పులిపిర్లు తెచ్చే హెచ్‌పీవీ కుటుంబం ఉంటుంది. ముఖం, పెదవి, చెవి, చేతుల మీద వచ్చేవాటికి ఎండే ప్రధాన కారణం. మెర్కెల్ సెల్ అనే అరుదైన రకం కూడా ఒకటుంది, దాని వెనకా చాలాసార్లు ఒక వైరస్సే.

ఇందులో గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే. కపోసీ ఎక్కువగా సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) బాగా పడిపోయినప్పుడు, 200 లోపు ఉన్నప్పుడు వస్తుంది. మిగతావి సీడీ4 బాగున్నా, వైరల్ లోడ్ (రక్తంలో హెచ్‌ఐవీ ఎంతుందన్న లెక్క) కనబడనంత తక్కువున్నా రావచ్చు. "నా కౌంట్ ఆరువందలు, నాకేం కాదులే" అని చూసుకోవడం మానకండి.

దగ్గర పెట్టుకోవలసినవి

- పగటి వెలుతురు వచ్చే గది. ట్యూబ్‌లైటు కింద ఎరుపు, ఊదా, గోధుమ రంగులు ఒకటిగానే కనిపిస్తాయి.
- గోడ అద్దం ఒకటి, చేత్తో పట్టుకునే చిన్న అద్దం ఒకటి.
- ఫోను, దానిలో టార్చి.
- ఒక రూపాయి నాణెం. ఒకటే నాణెం, ప్రతి నెలా అదే.
- పారదర్శకంగా ఉండే గాజు గ్లాసు.
- ఒక చిన్న నోటుబుక్కు, మీ ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందుల) పుస్తకం.
- నమ్మకమున్న మనిషి ఒకరు, ఉంటే. వీపు, చెవుల వెనక, తల వాళ్ళు చూస్తారు. లేకపోతే రెండు అద్దాలతో సర్దుకోవచ్చు.

1. రోజు పెట్టుకోండి

నెలకొకసారి చాలు. రోజూ చూసుకుంటే కంగారు పెరగడం తప్ప లాభం లేదు, చిన్న మార్పు కూడా కంటికి ఆనదు. ఏఆర్‌టీ మాత్రల డబ్బా కొత్తది తెరిచే రోజు పెట్టుకోండి. రెండు మూడు నెలలకు ఒకేసారి ఇచ్చినా డబ్బాలు విడివిడిగానే ఉంటాయి కదా, అదే గుర్తు.

2. తల నుంచి పాదం దాకా, ఒకే వరసలో

స్నానం చేసి, ఒళ్ళు తుడుచుకుని, నూనె, పౌడరు ఏమీ రాసుకోకముందు మొదలుపెట్టండి. పది నిమిషాల పని.

*తల.* మనవాళ్ళకు ఇందులో ఒక వెసులుబాటుంది. కొండకెళ్ళి తలనీలాలు ఇచ్చిన రోజు సాయంత్రం, నెత్తిమీద చందనం రాసుకునే ముందే ఎవరిచేతనైనా తలంతా ఫొటో తీయించుకోండి. మామూలప్పుడైతే దువ్వెనతో పాయలు తీస్తూ చూడాలి.

*ముఖం.* ముక్కు కొన, కనురెప్పలు, చెవుల పై అంచు, కింది పెదవి. మన రంగు చర్మంలో బేసల్ సెల్ అనే క్యాన్సర్ రకం చాలాసార్లు నల్లగా, మెరుస్తూ, పుట్టుమచ్చలాగే ఉంటుంది. "యాభై ఏళ్ళొచ్చాక కొత్తగా పుట్టుమచ్చ వచ్చింది, అదృష్టం" అని మురిసిపోయినవాళ్ళను చూశాను. ఆ వయసులో కొత్తగా వచ్చి, మధ్యలో చితికి, అప్పుడప్పుడూ రక్తం కారే పుట్టుమచ్చను డాక్టరుకు చూపించాలి.

*కన్ను.* రెప్పలు విప్పి తెల్లగుడ్డు చూడండి. నల్లగుడ్డు అంచున కండ పెరిగినట్టు, మీద తెల్లటి పొర, చుట్టూ ఎర్ర నరాలు కనిపిస్తే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఎండలో పనిచేసేవాళ్ళకు మామూలు కండ కూడా పెరుగుతుంది, నిజమే. కానీ హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకు తెల్లగుడ్డు మీద క్యాన్సర్ వచ్చే అవకాశం ఎక్కువ, పడుచు వయసులోనే రావచ్చు. ఆ డాక్టరుకు మీ హెచ్‌ఐవీ సంగతి చెప్పండి.

*నోరు.* చాలామంది వదిలేసేది ఇదే. టార్చి వేసి, తల వెనక్కి వంచి అంగిలి చూడండి. కపోసీ కొందరికి ముందుగా అక్కడే, ఊదా రంగు మచ్చలాగా కనిపిస్తుంది. నొప్పి ఉండదు, మంట ఉండదు. చిగుళ్ళు, నాలుక పక్కలు, నాలుక కింద కూడా చూడండి. ఆకువక్క, గుట్కా అలవాటుంటే బుగ్గల లోపల మరింత జాగ్రత్తగా చూడాలి.

*మెడ, చంకలు, గజ్జలు.* వేళ్ళతో తడమండి. బిళ్ళ కట్టినట్టు గట్టిగా తగిలితే రాసుకోండి.

*కింది భాగాలు.* సిగ్గుపడి ఇక్కడే ఆగిపోతారు. మగవాళ్ళు ముందోలు వెనక్కి తీసి చూడాలి. ఆడవాళ్ళు కింద అద్దం పెట్టుకుని చూసుకోవచ్చు. మలద్వారం చుట్టూ పులిపిర్లు, పుండు, గట్టి అంచు ఉన్నాయేమో చూడండి. ఒకాయన రక్తం పడుతుంటే మొలలే అనుకుని ఏడాది పాటు నాటుమందు వేయించుకున్నాడు. చివరికి ఆసుపత్రిలో వేలు పెట్టి చూసేందుకు పట్టింది ఒక్క నిమిషం.

*కాళ్ళు, పాదాలు, గోళ్ళు.* పిక్కలు, చీలమండలు, అరికాళ్ళు, వేళ్ళ సందులు. ఒక కాలు మాత్రమే వాచి, మీద నల్లటి బిళ్ళలు ఉంటే బోదకాలు అని తేల్చేయకండి. కపోసీ కూడా అలా చేస్తుంది.

అరికాలి గురించి ఇంకో మాట. అలిపిరి నుంచి 3,550 మెట్లూ చెప్పుల్లేకుండా ఎక్కి వచ్చినవాళ్ళకు మడమ మీద నల్లటి చుక్కలు పడటం సహజం. అవి రాపిడికి చర్మంలో చేరిన రక్తం, కొన్ని వారాల్లో చర్మంతోపాటే అరిగిపోతాయి. అరగకుండా, అంచులు వంకరటింకరగా, రంగు ఒకచోట ముదురుగా ఒకచోట లేతగా పాకుతుంటే అది మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కావచ్చు. ఈ జబ్బు మన దేశంలో ఎక్కువగా కనిపించేది అరికాళ్ళు, అరచేతులు, గోళ్ళ దగ్గరే. గోటి కింద నలుపుకైతే పరీక్ష తేలిక. దెబ్బకు గడ్డకట్టిన రక్తం గోరు పెరిగేకొద్దీ ముందుకు జరుగుతుంది, మొదట్లో తెల్లటి గోరు వస్తుంది. గోరు మొదలు నుంచి కొన దాకా నల్లగీత అలాగే ఉండి, వెడల్పవుతూ, పక్క చర్మానికీ నలుపు పాకితే ఆలస్యం చేయకండి.

3. మచ్చ దొరికితే అక్కడికక్కడ చూసుకునేవి

వేలితో తాకండి: చదునుగా ఉందా, ఉబ్బెత్తుగా ఉందా, గట్టిగా ఉందా. దురద ఉందా, నొప్పి ఉందా. తర్వాత గాజు గ్లాసు అడుగుతో మెల్లగా అదిమి, గాజులోంచి చూడండి. రంగు తేలిపోయి, వదిలాక మళ్ళీ వస్తే అది రక్తనాళాలు ఉబ్బి వచ్చిన ఎరుపు. అదిమినా రంగు పోకపోతే డాక్టరుకు చెప్పాల్సిన గుర్తు. కపోసీ మచ్చలు సాధారణంగా అలా పోవు. ముదురు రంగు చర్మం మీద ఈ తేడా స్పష్టంగా తెలియదు కాబట్టి దీన్నిబట్టి క్యాన్సర్ అని గానీ కాదని గానీ తేల్చకండి.

మన వైపు ఇంకో తికమక ఉంది. మామిడి కాలంలో కోతకు వెళ్ళేవాళ్ళకు సొన పడి ముఖం మీద, చేతుల మీద కాలిన నల్లమచ్చలు మిగులుతాయి. అవి పడ్డ రోజు మంట తెలుస్తుంది, చారలుగా ఉంటాయి, నెలలు గడిచేకొద్దీ పలచబడతాయి. ఎప్పుడు వచ్చిందో తెలియని, మంట లేని, పెరిగే మచ్చను సొన మీదకి నెట్టకండి.

4. ఫొటో తీయడం

రెండు ఫొటోలు కావాలి. మొదటిది దూరం నుంచి, ఒంట్లో ఏ భాగమో తెలిసేలా. రెండోది ఒక జాన దూరం నుంచి, పక్కన రూపాయి నాణెం పెట్టి. ఫ్లాష్ వద్దు, మెరుపు పడి రంగు మారిపోతుంది. "అందంగా చూపించే" కెమెరా సెట్టింగులు ఆపేయండి. అవి మచ్చను నున్నగా చెరిపేస్తాయి. నోటుబుక్కులో తేదీ, చోటు, నాణెంతో పోలిస్తే ఎంతుంది, ఇంతే రాయండి: "మార్చి 4. ఎడమ పిక్క లోపలివైపు. రూపాయిలో సగం. ఊదా. నొప్పి లేదు."

వాట్సాప్‌లో పంపితే ఫొటో నాణ్యత తగ్గుతుంది. డాక్టరుకు మీ ఫోన్లోని అసలు ఫొటోనే చూపించండి. ముఖం, ఇంటిపేరు, ఏఆర్‌టీ పుస్తకం ఫొటోలో పడకుండా చూసుకోండి. మన సంగతి ఎవరికి చెప్పాలో మన ఇష్టం, ఫోను నిర్ణయించకూడదు.

5. ఎంతకాలం ఆగొచ్చు

అదే రోజు వెళ్ళాల్సినవి: దగ్గితే రక్తం, నల్లటి తారులాంటి విరేచనం, ఊపిరాడకపోవడం. వీటికి తోడు ఒంటిమీద ఊదా మచ్చలుంటే కపోసీ ఊపిరితిత్తుల్లో, పేగుల్లో కూడా ఉండొచ్చు. జ్వరంతోపాటు ఒళ్ళంతా బుడిపెలు ఒక్కసారిగా వచ్చినా ఆగకండి. అది క్యాన్సర్ కన్నా శిలీంధ్రపు జబ్బు అయ్యే అవకాశం ఎక్కువ, అయితే అది కూడా ప్రాణం మీదికి తెచ్చేదే.

ఆ వారంలో వెళ్ళాల్సినవి: అదిమినా పోని ఊదా, నలుపు మచ్చలు రెండు మూడు చోట్ల ఉంటే. అంగిలి మీద మచ్చ. వేగంగా పెరిగే నొప్పిలేని గట్టి బుడిపె. పాత కాలిన మచ్చ మీద మళ్ళీ పుట్టిన పుండు.

మిగతా మామూలు పుండుకు, పొక్కుకు రెండు మూడు వారాలు చూడొచ్చు. నాలుగు వారాలు దాటినా మానని పుండును, అది ఎంత చిన్నదైనా, ఇంట్లో పెట్టుకోకండి.

6. ఎక్కడికి వెళ్ళాలి, ఏం చెప్పాలి

మొదట మీ ఏఆర్‌టీ సెంటర్ మెడికల్ ఆఫీసరు దగ్గరికే. తిరుపతిలో రుయా ప్రభుత్వాసుపత్రిలోనే ఏఆర్‌టీ సెంటరూ ఉంది, చర్మవ్యాధుల ఓపీ కూడా ఉంది. ఒక చీటీతో పని అయిపోతుంది. క్యాన్సర్ అని తేలాక తిరుపతిలోనే ఉన్న స్విమ్స్ ఆసుపత్రిలో ఆ విభాగాలున్నాయి. చిత్తూరు, గుడిపాల వైపు వాళ్ళకు వేలూరు సీఎంసీ దగ్గర. ఆ ఆసుపత్రికి ఈ జబ్బుతో పాత పరిచయమే, 1986లో మన దేశంలో మొదటి హెచ్‌ఐవీ కేసులు తేలిన చెన్నై రక్తపు నమూనాలను పరీక్షించింది అక్కడే. అయితే రాష్ట్రం దాటితే మన ఆరోగ్య కార్డు ఏ చికిత్సకు పనికొస్తుందో ముందే కనుక్కుని బయల్దేరండి. మన రాష్ట్రంలో క్యాన్సర్ చికిత్సలు ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తాయి. అందరూ ఇంకా ఆరోగ్యశ్రీ అనే అంటారు, అలా అడిగినా కౌంటర్లో అర్థమవుతుంది. ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు రెండేసి పెట్టుకోండి.

ఓపీ చీటీ రాసేవాళ్ళకు, వార్డు బాయ్‌కి మీ హెచ్‌ఐవీ సంగతి చెప్పక్కర్లేదు. చూసే డాక్టరుకు మాత్రం తప్పకుండా చెప్పండి. దాచితే వాళ్ళ ఆలోచన పూర్తిగా వేరే దారిలో పోతుంది. మందుల పొంతన కూడా తప్పుతుంది. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం హెచ్‌ఐవీ ఉందని వైద్యం నిరాకరించకూడదు, మీ అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. ఎవరైనా అలా చేస్తే గొడవపడి వచ్చేయకుండా, తేదీ, సమయం, విభాగం రాసుకుని హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి. డబ్బులు పడవు.

హెచ్‌ఐవీ పరీక్షే ఇంకా చేయించుకోనివాళ్ళు ఇది చదువుతుంటే, ముందు దగ్గర్లోని ఐసీటీసీకి (ప్రభుత్వ హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రానికి) వెళ్ళండి. పరీక్ష ఉచితం. ఒంటిమీది మచ్చతోనే హెచ్‌ఐవీ బయటపడినవాళ్ళు ఉన్నారు.

7. ముక్క పరీక్ష

అసలు మెట్టు ఇదే, డాక్టర్లు బయాప్సీ అంటారు. ఇక్కడ తప్పితే తర్వాత చేసేదంతా గుడ్డిగా సాగుతుంది. "ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందంట కదక్కా" అని అడగనివాళ్ళు లేరు. పాకదు. మొద్దుబారేందుకు చిన్న సూది వేస్తారు, కాసేపు మంటగా ఉంటుంది. తర్వాత పెన్సిల్ మందం గొట్టంలాంటి పరికరంతో నాలుగు మిల్లీమీటర్ల ముక్క తీసి, ఒకటో రెండో కుట్లు వేస్తారు. పావుగంటలో బయటికి వచ్చేస్తారు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి.

మెలనోమా అనుమానమున్న మచ్చయితే సాధారణంగా మొత్తం తీసి పంపుతారు. చిన్న క్లినిక్‌లో "కాల్చేద్దాం, పోతుంది" అంటే ఒప్పుకోకండి. కాల్చేస్తే పరీక్షకు ఏమీ మిగలదు.

సీడీ4 తక్కువ ఉన్నవాళ్ళు డాక్టర్ని ఒక మాట అడగండి: "సార్, కల్చర్‌కి కూడా కొంచెం ముక్క పంపుతారా?" ఎందుకంటే క్యాన్సర్ పరీక్షకు ముక్కను ఫార్మలిన్ సీసాలో వేస్తారు. క్రిములను పెంచి చూడాలంటే ఫార్మలిన్ పనికిరాదు, సెలైన్‌లో వేరే ముక్క కావాలి. టీబీ, శిలీంధ్రాలు, బార్టొనెల్లా అనే బ్యాక్టీరియా అచ్చం క్యాన్సర్‌లాగే బుడిపెలు తెస్తాయి. బార్టొనెల్లా బుడిపెలు కపోసీకి కవల పిల్లల్లా ఉంటాయి, కానీ యాంటీబయాటిక్ మాత్రలతో తగ్గిపోతాయి. ముక్క తీయకుండా కీమో మొదలుపెట్టకూడదు అనడానికి ఈ ఒక్క జబ్బు చాలు.

సీసా మీద పేరు, వయసు, ఏ భాగమో రాశారా అని మీ కళ్ళతో చూసుకోండి. ఒకచోట మా వాళ్ళ సీసా మీద పేరు లేక, రెండోసారి ముక్క ఇవ్వాల్సి వచ్చింది.

8. రిపోర్టు చదువుకోవడం

రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది. ఈ మాటలు ఉన్నాయేమో డాక్టర్ని అడిగి, పక్కన తెలుగులో రాయించుకోండి. కపోసీ అయితే హెచ్‌హెచ్‌వీ-8 రంగు పరీక్ష పాజిటివ్ అని ఉందా? అది చేయకపోతే చేయించమనండి. స్క్వేమస్ (చర్మం పై పొరలో పుట్టే క్యాన్సర్) అయితే ఎంత లోతుకు వెళ్ళింది, గ్రేడు ఎంత? ఆపరేషన్ తర్వాత వచ్చే రిపోర్టులో మార్జిన్ క్లియర్ అని ఉందా? అంటే తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ లేదని. "నాన్ స్పెసిఫిక్" అని వచ్చి మచ్చ మాత్రం పెరుగుతూ ఉంటే, ఇంకో చోట నుంచి మళ్ళీ ముక్క ఇవ్వండి. ఒకసారి ఏమీ లేదని వస్తే అయిపోయినట్టు కాదు.

9. వైద్యం

*కపోసీ అయితే* మొదటి మందు ఏఆర్‌టీయే. ఇంకా మొదలుపెట్టనివాళ్ళు వెంటనే మొదలుపెట్టాలి, వాడుతున్నా వైరల్ లోడ్ ఎక్కువుంటే ఎందుకో తేల్చాలి. మచ్చలు కొద్దిగా, చర్మం వరకే ఉంటే చాలామందికి దీనితోనే నెలల్లో పలచబడతాయి. కనిపించే చోట ఇబ్బంది పెట్టే ఒకటి రెండింటికి అతి చలితో గడ్డకట్టించే చికిత్స, మచ్చలోకే సూది, లేదా కరెంటు పెట్టడం (రేడియేషన్) ఉన్నాయి. కాలు వాచినా, నోట్లో తినలేనంత పెరిగినా, లోపలి అవయవాలకు పాకినా ఏఆర్‌టీతోపాటు కీమో ఇస్తారు. లైపోసోమల్ డాక్సోరూబిసిన్ సాధారణంగా మూడు వారాలకోసారి, లేదా పాక్లిటాక్సెల్. డాక్సోరూబిసిన్‌కు ముందు గుండెకు ఎకో తీయాలి. అది నడుస్తున్నప్పుడు అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి పొట్టు లేవచ్చు. వేడినీళ్ళు, బిగుతు చెప్పులు మానితే కొంత నయం. కీమో రోజుల్లో జ్వరం 100.4 దాటితే పారాసెటమాల్ వేసుకుని పడుకోకండి, రాత్రయినా ఆసుపత్రికి వెళ్ళండి.

ఇక్కడ ఒక పెద్ద హెచ్చరిక. ఏఆర్‌టీ మొదలైన కొన్ని వారాల్లో, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, మచ్చలు తగ్గాల్సింది పోయి ఉబ్బి పెరగవచ్చు. నిద్రపోతున్న కాపలా లేచి ఒక్కసారిగా కలబడటం వల్ల అలా అవుతుంది. "మాత్రలు వేసుకున్నాకే ఎక్కువైందక్కా, ఆపేసినా" అని నాకు ఫోను వచ్చిన రోజులున్నాయి. ఆపకండి. డాక్టరుకు చూపించండి, అవసరమైతే కీమో కలుపుతారు. ఈ వాపుకు స్టెరాయిడ్ ఇస్తే కపోసీ ఇంకా విజృంభించే ప్రమాదముంది. ఎవరైనా ఇవ్వబోతే "నాకు కపోసీ ఉంది" అని గట్టిగా చెప్పండి.

*స్క్వేమస్, బేసల్ సెల్ అయితే* ప్రధానంగా కత్తి వైద్యమే: చుట్టూ కాస్త మంచి చర్మంతో సహా తీసేయడం. ఆపరేషన్ వీలుకాని చోట కరెంటు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళలో స్క్వేమస్ రకం మళ్ళీ వచ్చే, బిళ్ళలకు పాకే గుణం ఎక్కువ చూపుతుంది, అందుకని గజ్జలు, మెడ తడిమి చూడమని ప్రతిసారీ అడగండి. *మెలనోమా, మెర్కెల్* అయితే క్యాన్సర్ సెంటర్‌కే వెళ్ళాలి, చిన్నచోట కోయించుకోకండి.

క్యాన్సర్ డాక్టరు ముందు మీ ఏఆర్‌టీ మాత్రల డబ్బా పెట్టండి. పేరు చెప్పడం కాదు, డబ్బానే. ఇప్పుడు ఎక్కువమంది వాడే డోల్యుటెగ్రావిర్ ఉన్న మాత్రకు కీమోతో పేచీ తక్కువ. రెండో లైనులో (మొదటి మందులు పనిచేయనప్పుడు ఇచ్చేవాటిలో) రిటోనావిర్ ఉంటే పాక్లిటాక్సెల్, విన్‌బ్లాస్టిన్ లాంటివి ఒంట్లో ఎక్కువ మోతాదులో నిలిచిపోతాయి. ఏఆర్‌టీలో జిడోవుడిన్ ఉంటే కీమోతో కలిసి రక్తం బాగా పడిపోవచ్చు. మాత్ర మార్చాలా అన్నది ఏఆర్‌టీ డాక్టరు, క్యాన్సర్ డాక్టరు మాట్లాడుకుని తేల్చాలి. వాళ్ళు మాట్లాడుకోరు, మీరే ఒకరి చీటీ ఇంకొకరికి మొయ్యాలి. ఇది నాకు ఎప్పుడూ చిరాకే.

అందరూ చేసే పొరపాట్లు

మెడికల్ షాపు క్రీము. నాలుగు మందులు కలిపిన ఆ ట్యూబుల్లో స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజులు ఎరుపు తగ్గుతుంది, "పనిచేస్తోంది" అనుకుంటారు. లోపల జబ్బు రూపు మార్చుకుని ముక్క పరీక్షలో కూడా తికమక పెడుతుంది. ఒకబ్బాయి ముందోలు కింద పుండుకు ఐదు నెలలు ఇదే రాశాడు, సుఖవ్యాధి అంటారని భయపడి ఎవరికీ చెప్పలేదు. స్క్వేమస్ అని తేలేసరికి గజ్జల్లో బిళ్ళ కట్టింది.

పసర్లు, జీడి, సున్నం పెట్టి పులిపిరి రాల్చడం. రాలితే మంచిదే అనుకుంటాం, కానీ రాలింది పులిపిరి అని ఎవరు చూశారు?

రిటోనావిర్ వాడుతూ మచ్చలకు, కీళ్ళకు స్టెరాయిడ్ సూది వేయించుకోవడం. ముఖం ఉబ్బి, సుగర్ పెరిగి, నెలలు అవస్థ పడతారు.

బీపీకి హైడ్రోక్లోరోథయజైడ్, శిలీంధ్రానికి వోరికొనజోల్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకు ఎండ వల్ల వచ్చే చర్మ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. మానేయమని కాదు, ప్రత్యామ్నాయం ఉందేమో డాక్టర్ని అడగండి. కోట్రైమాక్సజోల్ వాడేవాళ్ళకు కూడా ఎండ ఎక్కువ తగులుతుంది. తోటల్లో, క్వారీల్లో పనిచేసేవాళ్ళు తువ్వాలు ఒక్కటే నమ్ముకోకుండా అంచున్న టోపీ, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి.

ఇంట్లో కంచం, మంచం వేరు పెట్టడం ఇంకో పొరపాటు. ముట్టుకుంటే క్యాన్సర్ అంటదు.

10. మందు పనిచేస్తోందా, ఎలా తెలుస్తుంది

కపోసీ మచ్చ తగ్గేటప్పుడు ముందు ఉబ్బు దిగుతుంది, తర్వాత ఊదా రంగు గోధుమగా మారుతుంది, కొలత చివరగా తగ్గుతుంది. గోధుమ మరక చాలాకాలం ఉండిపోవచ్చు. అది ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. కొత్త మచ్చలు రావడం ఆగిందా, ఉన్నవి చదునయ్యాయా, కాలు వాపు తగ్గిందా అని చూడండి. వాపుకు మధ్యాహ్నం ఒకసారి, పొద్దున ఒకసారి కొలిస్తే లెక్క కుదరదు. పొద్దున లేవగానే, చీలమండ పైన జాన ఎత్తులో, టైలరు టేపుతో కొలవండి. వైరల్ లోడ్ ఎప్పుడు చేస్తారో ఏఆర్‌టీ సెంటర్లో అడిగి తేదీ రాసుకోండి.

కోసి తీసినచోట మచ్చ అంచున గట్టి పూస తగిలినా, పొక్కు కట్టి మానకపోయినా తిరిగి వచ్చిందేమో చూపించాలి. స్క్వేమస్ వచ్చినవాళ్ళను మొదటి రెండేళ్ళు మూడు నుంచి ఆరు నెలలకోసారి రమ్మంటారు. ఏమీ లేదని ఒకసారి మానేస్తే, ఇంకో చోట కొత్తది మొదలైనా పట్టేవాళ్ళుండరు.

ఆ ఫొటోలను ఫోన్లో "గ్యాస్ బిల్లులు" అని పేరు పెట్టిన ఫోల్డర్లో దాచుకుంటుంది మా వాళ్ళలో ఒకామె, ఎవరూ తెరవరని. తెలివైన పనే. కానీ పోయినసారి ఫోను మార్చినప్పుడు అవి కొత్తదాంట్లోకి ఎక్కించడం మరిచిపోయింది. ఎనిమిది నెలల ఫొటోలు పోయాయి, డాక్టరు ముందు పోల్చడానికి ఏమీ లేక మళ్ళీ మొదటి నెల నుంచి నాణెం పెట్టి తీసుకుంటోంది. మీరు ఫోను మార్చే ముందు ఆ ఫోల్డరు ఎక్కడుందో ఒకసారి చూసుకోండి.